చరవాణి వ్యవస్థలో తెలుగు: ఒక ప్రతిపాదన

చరవాణిలో తెలుగు కానవచ్చుట వేఱు, చరవాణికి తెలుగు తెలియుట వేఱు. మొదటిది చాలవఱకు సిద్ధించినది. 2014లో వెలువడిన ఆండ్రాయిడ్ 5.0 తో తెలుగు, కన్నడము, మలయాళము, తమిళము, మరాఠీ, బెంగాలీ భాషలు ఆ వ్యవస్థ యొక్క ఆదేశభాషలుగా చేరినవి. రెండవది ఇంకను కొఱతగనే యున్నది. అక్షరవిభాగము, పదవిభాగము, లిపిపరివర్తనము, పఠనము అను నాలుగు పనులను ఆప్ రచయితలు ఎవరికి తోచినట్లు వారు చేసికొనుచున్నారు. పెక్కురు చేయకయే విడిచిపెట్టుచున్నారు. ఈ నాలుగింటిని ఆపరేటింగు సిస్టములోనే ఉమ్మడి ప్రోగ్రామింగు ఇంటర్‌ఫేసులుగా చేర్పవలయుననియు, వాని నిర్వచనమును భాషాపండితులు వ్రాయవలయుననియు నా అభిప్రాయము.

ఇంటర్‌ఫేసు అను మాట వ్యాకరణము చదివినవారికి క్రొత్తదైనను విషయము క్రొత్తది కాదు. ఏమి ఇచ్చిన ఏమి లభించునో తెలుపు ఒడంబడికయే ఇంటర్‌ఫేసు. ప్రయోక్తకు ఫలము తెలిసిన చాలును; లోపలి ప్రక్రియతో ఆతనికి పని లేదు. ఒకమాఱు ప్రకటించిన పిదప దానిని ఇష్టానుసారము మార్చరాదు, దానిపై ఆధారపడిన ఆప్‌లన్నియు చెడును గావున. సంజ్ఞను ఒకచోట నిర్వచించి శాస్త్రమంతట ఆ అర్థముననే వాడు వ్యాకరణ సంప్రదాయమునకు ఈ నియమము అపరిచితము కానేరదు.

ఈ కొఱత ఎవరిని బాధించుచున్నదో చెప్పుటకు నేను నివసించు భిలాయి ఉక్కునగరమే చాలిన నిదర్శనము. 1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒప్పందమున ఈ కర్మాగారము పుట్టినది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాదుగారు తొలి ఊదుకొలిమిని ప్రారంభించిరి. దేశపు నలుమూలలనుండి వచ్చిన శ్రామికులలో తెలుగువారును కలరు. వారి మనుమల తరమున తెలుగు మాట నిలిచినది గాని తెలుగు వ్రాత పెక్కిండ్ల నిలువలేదు. బడిలో హిందీయు ఆంగ్లమును నేర్చిన బిడ్డ, ఊరినుండి అమ్మమ్మ తెలుగులో వ్రాసి పంపిన సందేశమును చదువలేడు. ఎవరైన చదివి వినిపించిన చక్కగా గ్రహించును. ఆ సందేశము ఏ ఆప్‌లో వచ్చినను, నాగరిలిపిలోనికి మార్చి చూపుటయో, చదివి వినిపించుటయో చరవాణి వ్యవస్థయే చేయగలిగినచో ఒక తరమునకు భాషతోడి సంబంధము తెగకుండును.

లిపిపరివర్తనమునకు మూలసామగ్రి ఇదివఱకే యున్నది. 1991 నాటి ఇస్కీ ప్రమాణము భారతీయ లిపుల కన్నింటికి ఒకే సంకేతక్రమము నేర్పఱచినది. యూనికోడ్ తొలుతనే ఇస్కీ క్రమమును అనుసరించినందున తెలుగు వరుసకును నాగరి వరుసకును పొంతన కుదిరినది. 2019 నాటి ఆండ్రాయిడ్ 10 నుండి లిపులను మార్చు ఇంటర్‌ఫేసు ఆప్ రచయితలకు బహిరంగముగ లభించుచున్నది. అయినను యంత్రము తీర్పలేని ప్రశ్న ఒకటి మిగులును. 'మెడ', 'మేడ' అను పదములకు భేదము ఏకారపు హ్రస్వదీర్ఘములే. హ్రస్వమునకు యూనికోడ్ నాగరిలో గుర్తు కలదు గాని హిందీ బడిలో చదివిన బాలుడు దాని నెఱుగడు. ఆతనికొఱ కే గుర్తు వాడవలయును? ఇది ఇంజనీరు నిర్ణయింపవలసినది కాదు.

అక్షరవిభాగము ఇంతకంటె బోధకరమైన ఉదాహరణము. 'స్త్రీ' అనునది మనకు ఒక్క అక్షరము. యూనికోడ్‌లో అది ఆఱు సంకేతముల వరుస. 2023 సెప్టెంబరులో యూనికోడ్ 15.1 వెలువడువఱకు, వినియోగదారు ఒక్క అక్షరముగ భావించు ప్రమాణమును గూర్చిన సామాన్యనియమము ఈ పదమును స్, త్, రీ అని మూడు ముక్కలు చేసెడిది. ఆ ప్రకటనలో సంయుక్తాక్షరమును విడదీయరాదను నియమము తెలుగు మున్నగు కొన్ని లిపులకు చేర్పబడినది. మన బాలశిక్షలు తొలినుండి నేర్పుచున్న సంగతి యంత్రశాస్త్రమున నియమమగుటకు ఇంత కాలము పట్టినది.

పదవిభాగము మఱింత కఠినము. 'వాడెక్కడ' అను చోట 'ఎక్కడ' అని వెదకిన, అచ్చు గుణింతమైనందున, సామాన్యమైన వెదకులాటకు దొరకదు. ప్రతి పదమును విడదీయబూనినను చిక్కే. 'పాలేరు' అను ఏటి పేరును పాలు, ఏరు అని విడదీయవచ్చును; జీతగాడను అర్థమున అట్టి విభాగము పొసగదు. ఇంటర్‌ఫేసు రెండును ఈయవలయునా, ఒకటియే ఈయవలయునా, సందేహమును తెలుపు గుర్తుతో ఈయవలయునా? 1858 నాటి బాలవ్యాకరణము నిత్యమునకును వైకల్పికమునకును చూపిన భేదమువంటి వివేకము ఇచ్చట అవసరము.

ఇక చేర్చు విధానము. ఆండ్రాయిడ్ అనుకూలత నిర్వచనపత్రము ప్రకారము, ఉపకరణ నిర్మాత ఆండ్రాయిడ్, జావా అను పేర్ల క్రిందనున్న బహిరంగ ఇంటర్‌ఫేసులను మార్చరాదు. తన సొంత ఇంటర్‌ఫేసులను వేఱు పేరుతో, వేఱు గ్రంథాలయముగ చేర్చవచ్చును; దానిని పేర్కొని కోరిన ఆప్‌లకే అది వర్తింపవలయును. భిలాయివారు పట్టాలు చేయువారు గనుక ఇట్లు చెప్పుదును: కర్మాగారము తన సైడింగు వేసికొనవచ్చును, ప్రధానమార్గపు కొలతను మార్చరాదు. ఈ నిబంధన మన ప్రతిపాదనకు ఆటంకము కాదు, రక్షణ.

అయితే సైడింగు ఒక్క సంస్థ సొత్తైనచో దాని ఆయువు ఆ సంస్థ ఆయువే. 2015లో వెలువడిన ఇండస్ ఓఎస్ భారతీయభాషల మధ్య లిపిపరివర్తనమును, అనువాదమును వ్యవస్థలోనే చేర్చి చూపినది. 2022లో ఆ సంస్థ ఫోన్‌పే వశమైనది. 2024లో ఇండస్ పేరుతో వెలువడినది ఆప్‌ల అంగడి. కావున బహిరంగముగ ప్రకటింపబడి, ఏ నిర్మాతయైనను గ్రహింపదగిన నిర్వచనము ముందుండవలయును. 2023లో భార్‌ఓఎస్ ప్రకటింపబడినప్పుడు స్వదేశీయ వ్యవస్థను గూర్చి చర్చ విశేషముగ జరిగెను. నా దృష్టిలో వ్యవస్థ ఎవరిదను ప్రశ్నకంటె అందలి తెలుగునకు ప్రమాణ మెవరు వ్రాసిరను ప్రశ్న ముఖ్యము.

దీనికొక ఆక్షేపణ కలదు. ఉమ్మడి భాగమున దోషము పుట్టిన అన్నియు చెడును గదా? నిజమే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరము ఒక విశేష సంకేతక్రమమున వచ్చినప్పుడు, దానిని చూపబోయిన ఐఫోను ఆప్‌లు మూతపడినవి. ఫిబ్రవరి 19న వెలువడిన ఐఓఎస్ 11.2.6 దానిని సవరించినది. ఒక్క దోషము పెక్కు ఆప్‌లను పడగొట్టినది. ఒక్క సవరణ వానినన్నింటిని నిలిపినది. ఆప్ ఆప్‌కు దాగియున్న చిన్న దోషములను సవరించు దిక్కే లేదు. ఆ ఉదంతము ఉమ్మడి భాగము వలదని కాక, తెలుగు తెలిసినవారు దానిని ముందుగ పరీక్షింపవలెనని చెప్పుచున్నది.

2022లో ఆరంభమైన భాషిణి అంతర్జాలముద్వారా ఇట్టి సేవలు కల్పించుచున్నది, అది అభినందనీయము. కాని అమ్మమ్మ సందేశము చదువుటకు దానిని దూరపు యంత్రమునకు పంపవలసిన పని ఉండరాదు. చేతిలోని యంత్రమే చదివిన, సంకేతము అందని చోటను పని జరుగును, ఇంటిమాట ఇంట నుండును.

హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును, అచ్చటి ట్రిపుల్ ఐటీయందును తెలుగు పదరూప విశ్లేషణముపై చిరకాలముగ కృషి జరుగుచున్నది. ఆ కృషి ఫలము చరవాణికి చేరు త్రోవ ఇంటర్‌ఫేసు. పై నాలుగు పనులకు నిర్వచనములు, వానితోపాటు ఏ రూపమునకు ఏ ఫలము రావలయునో తెలుపు పరీక్షాపదముల పట్టిక — ఈ రెండింటిని ఒక తెలుగుశాఖ ఒక విద్యాసంవత్సరములో సిద్ధము చేయగలదు. సాటి భాషలవారును తమ పట్టికలను జతపఱచిన పని సులభమగును. ఇంజనీరులు మనలను అడుగలేదని నిరీక్షించుట తగదు. పట్టిక చేతికిచ్చిన వారు కాదనరు.