సమవస్త్రము, తరగతి గది

సమవస్త్రానికి నేను విరోధిని కాను. బీదవాని చిరుగుచొక్కా, ధనికుని పట్టుచొక్కా ఒకే బల్లపై పోల్చబడకుండుట మంచిదే. కుట్టుకూలి మాత్రం బీదవానికే బరువు! కాని కర్ణాటకలో జరిగినది వేరు. 2021 డిసెంబరులో ఉడుపి ప్రభుత్వ బాలికల కళాశాలలో హిజాబు ధరించిన విద్యార్థినులు తరగతి వెలుపల నిలువవలసి వచ్చినది. 2022 ఫిబ్రవరి 5 నాటి ప్రభుత్వ ఉత్తర్వును మార్చి 15న హైకోర్టు సమర్థించినది. ఏప్రిల్‌లో పరీక్ష వ్రాయకనే వెనుదిరిగిన బాలికలున్నారు. అక్టోబరు 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు విభేదించారు: జస్టిస్ హేమంత్ గుప్తా ఉత్తర్వును నిలుపగా, జస్టిస్ సుధాంశు ధూలియా బాలికల చదువునకే పెద్దపీట వేశారు. నేను రెండవ తీర్పు పక్షమే. క్రమశిక్షణ కావలసినదే, కాదనను. అయితే సమవస్త్రపు రంగులోనే ఓణీ తలపై కప్పుకొంటే లెక్కల పాఠానికి కలుగు నష్టమేమిటో నాకు బోధపడలేదు.