చెదరిన పట్టిక



నేడు బిడ్డల చిత్రములు, ఇంటి లెక్కలు, గతించిన పెద్దల కంఠధ్వనులు సయితము కంప్యూటరులోని హార్డ్ డిస్కునందే యున్నవి. అది చెడినపుడు ఇల్లాలు తెలిసికొనవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు.

డిస్కులో సామగ్రి వేఱు, అది యెచట నున్నదో తెలుపు పట్టిక వేఱు. ఈ పట్టిక యేర్పాటునకే ఫైల్ సిస్టమ్ అని పేరు. డిస్కులో కొంతభాగము పాడై పట్టిక చెదరినను, సామగ్రి చాలవఱకు నిలిచి యుండవచ్చును. విషయసూచిక చిరిగినంత మాత్రమున గ్రంథము నశించునా?

కావున వెంటనే యంత్రము నాపివేయవలెను. ఫార్మాట్ చేయుదునా యని యది యడిగినచో వలదనవలెను. ఎఫ్.ఎస్.సి.కె., చెక్ డిస్క్ అను మరమ్మతు సాధనములను మూలముపై మొదటనే ప్రయోగింపరాదు. అవి పట్టికను పొందికపఱచుటకై, పొసగని వానిని తొలగించుటయు కలదు.

శిథిలమైన తాటాకు గ్రంథమును పండితుడు ముందుగా ఎత్తి వ్రాసికొని, పిదప ఆ ప్రతిని పరిష్కరించును. ఇచటను అదియే న్యాయము. ఆంటోనియో డియాజ్ డియాజ్ రచించిన గ్నూ డిడిరెస్క్యూ అను సాధనము సులభముగా చదువనగు భాగములను మొదట వేఱొక డిస్కునకు ఎత్తి, చెడిన చోటులకు తరువాత మరల వచ్చును. మరమ్మతంతయు ఆ ప్రతిపైననే జరుగవలెను. లినక్సునందలి ఎక్స్‌టి4 పద్ధతిలో, పట్టికకు మూలమగు సూపర్ బ్లాకునకు నకళ్ళు వేఱుచోట్ల నుండును. మొదటిది చెడినను మఱియొకటి యక్కఱకు వచ్చును. పట్టిక పూర్తిగా పోయినచో ఫోటోరెక్ అను సాధనము చిత్రములను వాని లక్షణములనుబట్టి వెదకి తీయును. పేర్లు మాత్రము సాధారణముగా తిరిగి రావు.

డిస్కు టకటకమని శబ్దము చేసినచో నీ సాధనములును వలదు. దానిని మరల నడపక, మూత విప్పక, నిపుణుల కప్పగింపవలెను. లోపల ధూళికణము పడినను కీడే.

అంగడివాడు “అంతయు తుడిచి, క్రొత్తగా విండోస్ వేసి యిచ్చెద”నని యనవచ్చును. యంత్రము బాగుపడును, అమ్మ కంఠధ్వని పోవును. “నాయనా, ముందు ప్రతి తీయుము, పిదప మరమ్మతు చేయుము” అని నిస్సంకోచముగా చెప్పుడు. ఆ మాట చెప్పుటకు యంత్రవిద్య యక్కఱలేదు.

ఇంతకంటె మేలైనది ముందు జాగ్రత్త. విలువైన వానికి మూడు ప్రతు లుంచుడు. వానిని రెండు విధములగు సాధనములపై నుంచి, అం దొకటి వేఱొక యింట దాచుడు. కూతురి యత్తవారిల్లు దీనికి మిక్కిలి తగిన చోటు.