కుర్చీ కబురంపితే...

పెద్ద పదవికి మీరే తగినవారంటూ ఫోన్ వస్తే ఎవరికైనా ఆనందమే. ఆ పదవి కొండల్లోని విశ్వవిద్యాలయంలో అయితే మాత్రం సంతోషంతోపాటు సందేహాలూ వస్తాయి. అక్కడే ఆలోచన మొదలవ్వాలి.

ఆచార్యుడుగారు క్లాసు ముగించుకుని గదిలోకి వచ్చి కూర్చుంటారు. ఫోన్ మోగుతుంది. అవతలి గొంతు మర్యాదగా ఉంటుంది. ‘‘ఫలానా విశ్వవిద్యాలయానికి మంచి పాలనాధికారి కోసం వెతుకుతున్నాం. మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెబుతారా?’’

పైకి అది సలహా అడగడమే. లోపలి అర్థం ‘మీరు వస్తారా?’ అని. అమెరికాలో డీన్లుగా, విభాగాధిపతులుగా ఉన్న తెలుగు ఆచార్యులకు ఇలాంటి ఫోన్లు కొత్తకాదు. అక్కడ ఇలాంటి వెతుకులాట కోసమే ప్రత్యేక సంస్థలుంటాయి. ముందు పెద్ద జాబితా, తర్వాత చిన్న జాబితా. తొలి మాటామంతీ తరచూ విమానాశ్రయం పక్కన హోటల్లో జరుగుతుంది. ఉదయం విమానంలో వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతే, ఉన్నచోట ఎవరికీ తెలియదన్నది వాళ్ల జాగ్రత్త. ఆ సంస్థకు ఫీజు చెల్లించేది విశ్వవిద్యాలయమే. అభ్యర్థి పైసా ఇవ్వనక్కర్లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, ‘పదవి ఇప్పిస్తాం, కొంచెం ఖర్చవుతుంది’ అనే ఫోన్‌ని మరుక్షణమే పెట్టేయొచ్చు.

మన దగ్గర ఎలా?

మన దేశంలో ఆ పని అన్వేషణ సంఘాలది. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఉపకులపతి కావాలంటే ఆచార్యుడిగా కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. లేదంటే పేరున్న పరిశోధన, విద్యాపాలన సంస్థలో అంతే అనుభవం చూపించాలి. సంఘం ముగ్గురు నుంచి అయిదుగురు పేర్లు సూచిస్తుంది. అందులోంచి ఒకరిని కేంద్రీయ విశ్వవిద్యాలయాలకైతే సందర్శకుడి హోదాలో రాష్ట్రపతి నియమిస్తారు. దరఖాస్తు పెట్టుకోవడం ఒక దారి. ఎవరో పెద్దవాళ్లు పేరు సూచించడం మరో దారి. ఫోన్లు మోగేది ఈ రెండో దారిలోనే.

అలా కబురందుకుని వెళ్లినవారి కథ మనకు కొత్తేమీ కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరులో పాఠాలు చెబుతుంటే, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయానికి రప్పించింది అశుతోష్ ముఖర్జీ. 1939లో కాశీ హిందూ విశ్వవిద్యాలయాన్ని నడపమని అడిగింది మదన్ మోహన్ మాలవీయ. ఆ రెండింటికీ మధ్య, 1931 నుంచి 1936 దాకా ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతి.

ఆ కుర్చీ ఖాళీ అవడానికీ ఓ కారణముంది. 1926లో తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో రాజీనామా చేశారు. కుర్చీకన్నా మాట పెద్దదనుకున్నారు. 1936లో మళ్లీ ఆయనకే పిలుపొచ్చింది. ఈసారి 1949 దాకా ఉన్నారు. ‘ఎందుకు వదిలి వెళ్లాడు’ అన్నదాన్నిబట్టి మనిషి విలువ కట్టిన రోజులవి.

వాళ్లు వచ్చాక ఊరుకోలేదు. తామే మనుషుల్ని వెతికి పట్టుకొచ్చారు. రాధాకృష్ణన్ హయాంలోనే హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువకులు వాల్తేరులో పాఠాలు చెప్పారు. రసాయనశాస్త్రానికి టి.ఆర్.శేషాద్రి వచ్చారు. అప్పటికే భౌతికశాస్త్రంలో ఉన్న సూరి భగవంతం తర్వాతి కాలంలో ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరు ఐఐఎస్సీ సంచాలకుడిగా ఎదిగారు. మంచి మనిషి ఒకరొస్తే వెంట పదిమంది వస్తారన్నమాట.

కొండ ఇచ్చింది

ఈ కథలో కొండలకూ చోటుంది. విశాఖ నుంచి అరకు వెళ్లే రైలెక్కి అదే పట్టాల మీద ముందుకెళ్తే కోరాపుట్, ఆ తర్వాత జయపురం. అక్కడి మహారాజు విక్రమదేవ వర్మ తెలుగు, ఒడియా భాషల్లో పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళమిచ్చారు. వాల్తేరులో శాస్త్ర, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. తూర్పు కనుమల్లోని సంస్థానం సొమ్ముతో సముద్రతీరంలో చదువులు సాగాయి. ఆ కొండల పిల్లల్లో ఆ చదువు అందుకున్నవాళ్లు ఎందరు? ఆ బాకీ ఇంకా తీరలేదు.

రాష్ట్ర విభజన చట్టంలో హామీ ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయం ఆ బాకీలో ఓ వాయిదా అనుకోవచ్చు. 2019లో పార్లమెంటు చట్టం చేసింది. విజయనగరం దగ్గర కొండకరకంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన భవనాల్లో తాత్కాలికంగా తరగతులు మొదలయ్యాయి. శాశ్వత ప్రాంగణానికి ముందు కొత్తవలస మండలం రెల్లి అనుకున్నారు. తర్వాత మెంటాడ, దత్తిరాజేరు మండలాలకు మార్చారు. 2023 ఆగస్టు 25న శంకుస్థాపన చేశారు. 2020లో తొలి ఉపకులపతిగా వచ్చిన టి.వి.కట్టీమని హిందీ ఆచార్యుడు. అంతకుముందు అమరకంటక్‌లోని ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయాన్ని నడిపారు. తెలంగాణలో ములుగు సమ్మక్క-సారక్క విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో చట్టమైంది, మరుసటి ఏడాది తరగతులు మొదలయ్యాయి.

సరే అనేముందు

ఇలాంటి చోటికి రమ్మని ఫోనొస్తే ఆచార్యుడుగారి ఇంట్లో ఆ రాత్రి జరిగే చర్చ ఊహించుకోవచ్చు. ‘‘అంత దూరమా? పిల్ల ఇంటర్లో ఉంది కదా?’’ అంటారు ఆవిడ. ‘‘అత్తయ్యగారికి ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి ఎక్కడ?’’ అనీ అంటారు. తప్పేంలేదు, అడగాల్సిన ప్రశ్నలే. వాటితోపాటు ఆయన అడగాల్సినవీ కొన్నున్నాయి.

- మంజూరైన బోధనా పోస్టులెన్ని? భర్తీ అయినవెన్ని?
- సొంత ప్రాంగణం ఉందా, అద్దె భవనాలా? ఆడపిల్లలకు హాస్టల్ సిద్ధంగా ఉందా?
- అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నవారు ఎందుకు వెళ్లిపోయారు? వీలైతే వారితోనే మాట్లాడాలి.
- నిధుల మీద, నియామకాల మీద తన మాట ఎంతవరకు చెల్లుతుంది?
- ఉన్న ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్లే వీలుందా, రాజీనామా చేయాలా?

జవాబులు రాతపూర్వకంగా తెప్పించుకుంటే మరీ మంచిది. ఆఖర్న తనను తాను అడగాల్సింది ఒకటుంది. తన బయోడేటాలో ఓ వరుస పెంచుకోవడానికి వెళ్తున్నాడా, అయిదేళ్లూ అక్కడే ఉండటానికా? శనివారం రైలెక్కి సోమవారం దిగే పెద్దమనిషితో ఏ ప్రాంగణమూ నిలబడదు. కోదు, పోర్జ, గదబ పల్లెల నుంచి వచ్చిన పిల్లకు ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకో భాష, తరగతిలో వేరొకటి. ఆ ఇబ్బంది కాగితాల్లో కనిపించదు. దగ్గరుండి చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఎవరి పేరు చెబుతారు?

మళ్లీ ఆ మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. ‘మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?’ అంటే మనకు గుర్తొచ్చేది మన బ్యాచివాళ్లు, మన శిష్యులు, సదస్సుల్లో కలిసినవాళ్లు. ఆ వలయంలో కొండవాళ్లు లేకపోతే వాళ్ల పేరు ఎవరి నోటా రాదు. అలాగని అర్హులు లేరనుకుంటే పొరపాటు.

ముండా తెగలో పుట్టిన రామ్‌దయాళ్ ముండా అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. 1980 ప్రాంతంలో ఆయన్ని రాంచీకి పిలిచింది అప్పటి ఉపకులపతి, ఐఏఎస్ అధికారి కుమార్ సురేశ్ సింగ్. గిరిజన, ప్రాంతీయ భాషలకు ఓ విభాగం నడపమన్నారు. ముండా వచ్చారు. తర్వాత అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. ఒరావ్ తెగకు చెందిన సొనాఝరియా మింజ్ జేఎన్‌యూలో కంప్యూటర్ సైన్స్ ఆచార్యురాలు. 2020లో దుమ్కాలోని సిదో కన్హూ ముర్ము విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వెళ్లారు.

సురేశ్ సింగ్ ఆ రోజు అంత దూరం చూడకపోతే ముండా మిన్నెసోటాలోనే ఉండిపోయేవారేమో. అందుకే ఈసారి ఫోన్ మోగి, ‘ఎవరైనా ఉన్నారా?’ అని అడిగితే ఆచార్యుడుగారు వెంటనే తన పేరు చెప్పేయక్కర్లేదు, వెంటనే కాదనక్కర్లేదు కూడా. ‘రేపు చెబుతా’ అని, ఓ పూట కూర్చుని తన పాత విద్యార్థుల జాబితా తిరగేస్తే చాలు. అరకు నుంచో పాడేరు నుంచో వచ్చి, వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చుని, పీహెచ్‌డీ చేసి వెళ్లిన పేరు అందులో ఒకటి ఉండొచ్చు. ఆ నంబరు సంపాదించి ముందు ఆ ఫోన్ చేయాలి.