నడిస్తే కాయిన్లు... ఎవరి జేబులోంచి?

పొద్దున్నే వాకింగ్‌కు వెళ్తే ఆరోగ్యంతో పాటు క్రిప్టో కాయిన్లు కూడా వస్తాయని చెప్పే యాప్‌లు చాలానే ఉన్నాయి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి నడిస్తే చాలు, బ్లాక్‌చెయిన్‌పై రివార్డులు జమవుతాయన్నది వాటి ప్రచారం. ఇంతకీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎలా పనిచేస్తాయి?

వీటిలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఎక్స్‌వైఓ నెట్‌వర్క్‌కు చెందిన 'కాయిన్' లాంటి యాప్‌లు మీరు తిరిగిన ప్రాంతాన్ని బట్టి పాయింట్లు ఇస్తాయి. ఇక్కడ అసలు సరుకు మీ లొకేషన్ సమాచారమే. రెండో రకానికి ఉదాహరణ 'స్టెప్న్'. ఇందులో ముందుగా డిజిటల్ బూట్లు కొనాలి. ఆ తర్వాత నడిచిన కొద్దీ జీఎస్‌టీ అనే టోకెన్ వస్తుంది. (మనం కట్టే పన్నుకు, దీనికి సంబంధం లేదు.)

2022లో ఏం జరిగింది?

2022 ఏప్రిల్ చివర్లో ఈ టోకెన్ ధర 8 డాలర్లు దాటింది. కొన్ని నెలల్లోనే సెంట్లలోకి పడిపోయింది. జనం నడిచే కొద్దీ కొత్త టోకెన్లు పుట్టాయి. వాటికి గిరాకీ మాత్రం ఎక్కువగా కొత్తగా చేరేవారి నుంచే వచ్చింది. చేరికలు తగ్గగానే ధర కూలింది. వందల డాలర్లు పెట్టి బూట్లు కొన్నవారు ఎంత నడిచినా పెట్టుబడి తిరిగి రాని పరిస్థితి ఏర్పడింది.

బ్లాక్‌చెయిన్ అంటే భద్రమేనా?

బ్లాక్‌చెయిన్ టోకెన్ల లెక్కను మార్చకుండా కాపాడుతుంది. టోకెన్ విలువకు మాత్రం హామీ ఇవ్వదు. మీ నడక వివరాలు కంపెనీ సర్వర్లలో ఉంటే వాటికీ రక్షణ ఇవ్వదు. రోజూ ఒకే చోట మొదలై అక్కడే ముగిసే నడక మీ ఇంటి చిరునామా చెప్పేస్తుంది. 2017లో ఫిట్‌నెస్ యాప్ స్ట్రావా విడుదల చేసిన మ్యాప్‌లో విదేశాల్లోని అమెరికా సైనిక స్థావరాలే బయటపడ్డాయి.

పన్ను ఉంటుందా?

ఉంటుంది. మన దేశంలో క్రిప్టో అమ్మకంపై వచ్చే లాభానికి 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను, దానిపై సెస్సు వర్తిస్తున్నాయి. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని మరో టోకెన్ లాభంలో సర్దుకోవడం కుదరదు. పరిమితి దాటిన అమ్మకాలపై 1 శాతం టీడీఎస్ కూడా ఉంటుంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు...

* డబ్బు కట్టి చేరాల్సిన యాప్ అయితే దూరంగా ఉండటమే మేలు.
* లొకేషన్ అనుమతిని 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెట్టుకోండి. ఇంటి గుమ్మం దగ్గర కాకుండా పార్కుకు చేరాక ఆన్ చేయండి.
* వాలెట్ సీడ్ ఫ్రేజ్‌ను ఎవరు అడిగినా చెప్పొద్దు.
* మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

వచ్చే కాయిన్లను అదనపు బహుమతిగానే చూడండి. నెల ఖర్చుల లెక్కలో మాత్రం వేసుకోవద్దు.