గోడల ధర, మనిషి విలువ

2025లో ముంబయి వర్లీ తీరాన రెండు డూప్లెక్స్ ఇళ్లు 639 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. 2024 డిసెంబరులో గురుగ్రామ్‌లో ఒక పెంట్‌హౌస్ 190 కోట్లు పలికింది. 2023లో మన కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ముంబయికి మూడు వైపులా సముద్రం, నేల కరువు. హైదరాబాదుకు నలుదిక్కులా విస్తరించే చోటుంది. ధరల్లో తేడా చాలావరకు నేలది, అందులో ఉండే మనుషులది కాదు. అయినా పెళ్లి సంబంధాలకూ, మందిరంలో ముందు కుర్చీకీ మనం ముందుగా చూసేది చిరునామానే! ఇల్లు పక్కన ఇల్లు కలుపుకుపోతే ఇతరులకు చోటే మిగలదని యెషయా ఏనాడో హెచ్చరించాడు (5:8). ఆ భవనాలకు ఇటుకలు మోసిన కూలీ రేకుల షెడ్డులో పడుకుంటున్నాడు. ఈ ఆదివారం అతడు మన మందిరానికొస్తే ఏ కుర్చీ చూపిస్తాం?