గంటా పావు దూరం

"మామా, రైలెందుకు? విమానంలో గంటా పావు. ఒంటి గంటకు గదా ఆపరేషను! పదిన్నర విమానమెక్కితే పన్నెండులోపలే దిగుతావు" అన్నాడు మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోనులో. ఆపరేషను వాళ్లమ్మకు, అంటే మా అక్కకు. లోపలికి తీసుకుపోయేముందు తమ్ముణ్ణి ఒకసారి చూడాలని ఆమె కోరిక.

గంటా పావు అన్న మాట చెవిని పడగానే, బత్తలపల్లిలో వున్నవాణ్ణి హైదరాబాదు పొలిమేరలో వున్నట్టే నిశ్చింతగా పడుకున్నాను. ఆ రాత్రి ధర్మవరంలో రైలెక్కే ఆలోచన మానుకున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి లెక్కలు రావనడం యిందుకే కాబోలు!

మేనల్లుడు అబద్ధమాడలేదు సుమండీ. బెంగుళూరు వాళ్ల దేవనహళ్లి విమానాశ్రయం నుంచి శంషాబాదుకు గాలిలో గీత గీస్తే సుమారు 455 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగమైతే 35 నిమిషాల పని. నేలమీద పరుగూ, పైకెక్కడం, కిందికి దిగడం కలిపి గంటా పావు. ఇంకో తమాషా చూడండి. 2008కి ముందు బెంగుళూరు విమానాలు నగరంలోని హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం నుంచీ, హైదరాబాదువి బేగంపేట నుంచీ ఎగిరేవి. ఆ రెంటి మధ్య 500 కిలోమీటర్ల పైన. ఆ యేడు ఒకటి ఉత్తరానికీ, మరొకటి దక్షిణానికీ జరిగితే ఆకాశంలో దూరం 50 కిలోమీటర్లు తగ్గింది. తగ్గిన దూరం ఎక్కడికి పోయింది? రోడ్డుమీదికి దిగింది!

తెల్లవారుజామున 5 గంటలకు కారెక్కాను. హైదరాబాదు మాకు ఉత్తరం. కారు దక్షిణానికి పోతున్నది. దేవనహళ్లి చేరేసరికి 8 దాటింది. రెండు గంటల ముందు రావాలన్నారు గనుక వరుసల్లో నిలబడి, బెల్టు విప్పి, మళ్లీ కట్టుకుని కూర్చున్నాను. విమానం వేళకే లేచింది. పావుగంట గడిచిందో లేదో, ఎడమవైపు కిటికీలోంచి చూస్తే కింద ఇసుకలో వంకరలు తిరిగిన ఏరు. చిత్రావతి! దాని వెనక మసకగా ధర్మవరం చెరువు. ఆ దాపునే మా యిల్లు. గడియారం చూసుకున్నాను. 11 గంటలు. ఆరు గంటలు ప్రయాణం చేసి మళ్లీ మా ఊరి పక్కకే వచ్చానన్నమాట!

శంషాబాదులో చెప్పిన వేళకే దిగాను. పెట్టె చేతికి రావడం, టాక్సీ దొరకడం, నగరం ఆ చివర నున్న ఆసుపత్రికి పోవడం, 1.45 అయింది. మేనల్లుడు నా ముఖం చూడలేకపోయాడు. "నీకోసం అడుగుతూనే లోపలికి పోయింది మామా" అన్నాడు. రైలెక్కి వుంటే పొద్దున్నే ఆమె మంచం పక్కన కూర్చునేవాణ్ణి.

దేవుడి దయవల్ల అంతా సవ్యంగా జరిగింది. సాయంత్రం అక్క కళ్లు తెరిచింది.

"ఎప్పుడు బయలుదేరినావురా?"

"పొద్దున అయిదింటికి అక్కా."

"విమానంలోనేనా?" అని నీరసంగా నవ్వింది.

ఊరెంత దూరమని అడిగితే మన పెద్దలు, "సద్ది కట్టుకుని పొద్దున్నే బయలుదేరితే దీపాలవేళకు చేరతావు" అనేవారు. ఆ లెక్క మన గడప నుంచి వాళ్ల గడప దాకా. విమానం లెక్క ఒక కంచె నుంచి ఇంకో కంచె దాకా. మీవాళ్లెవరైనా మంచంలో వుండి రమ్మంటే, దయచేసి గడప లెక్కే వేసుకోండి.

తిరుగు ప్రయాణానికి మేనల్లుడు మళ్లీ విమానం టిక్కెట్టు కొంటానన్నాడు. రాత్రి రైలుకు కొనమన్నాను.