సున్నం చల్లే ముందు మట్టి పరీక్ష: రాచర్ల ప్రాంత రైతులకు సూచనలు

నేల ఆమ్లంగా మారిందని, సున్నం చల్లితే దిగుబడి పెరుగుతుందని చెప్పే వీడియోలు రైతుల ఫోన్లలో తిరుగుతున్నాయి. ఆ సలహా తప్పు కాదు. అయితే అది ఏ నేలకు చెప్పిందో ముందు చూసుకోవాలి.

కేరళలోనూ, మన రాష్ట్రంలో పాడేరు వంటి కొండ ప్రాంతాల్లోనూ వానలు ఎక్కువ. ఆ నీటితో కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయి నేల ఆమ్లంగా మారుతుంది. ఉదజని సూచిక, అంటే పీహెచ్, 5.5 కంటే తగ్గితే అల్యూమినియం కరిగి వేర్లను దెబ్బతీస్తుంది. వేసిన భాస్వరం కూడా సరిగా అందదు. అక్కడ సున్నం అవసరమే.

రాచర్ల, గిద్దలూరు, మార్కాపురం వైపు వాన తక్కువ. మన నల్లరేగళ్లు, చాలావరకు ఎర్ర నేలలు తటస్థంగానో, కొంత క్షార గుణంతోనో ఉంటాయి. క్షార నేలకు సున్నం వేస్తే జింకు, ఇనుము మరింత అందకుండా పోతాయి. బత్తాయి లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. డబ్బు పెట్టి లోపాన్ని కొనితెచ్చుకున్నట్టే.

2015 నుంచి ఇస్తున్న భూసార కార్డులో రెండు అంకెలు చూడండి. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే తటస్థ నేల. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువని అర్థం. మన మెట్ట పొలాల్లో అసలు లోటు సాధారణంగా ఇదే.

సేంద్రియ ఎరువు రెండు రకాల నేలలకూ మేలు చేస్తుంది. ఆమ్ల నేలలో అల్యూమినియంను పట్టి ఉంచుతుంది. క్షార నేలలో జింకు, ఇనుము మొక్కకు అందేలా చేస్తుంది. ఎక్కడైనా తేమను నిలిపి, బెట్టను కొంతకాలం తట్టుకునే శక్తినిస్తుంది.

రైతులు పాటించాల్సినవి:

• వేసవిలో పొలంలో 8–10 చోట్ల ‘వి’ ఆకారంలో 6 అంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, అర కిలో పరీక్షకు పంపాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు పోసిన చోట తీయకూడదు. ఎరువుల సంచిలో వేయకూడదు.

• బాగా మాగిన పశువుల ఎరువు ఎకరాకు 4 టన్నులు వేసుకోవాలి. కుప్పలు పోసి వారాల తరబడి ఎండకు వదిలితే నత్రజని గాలిలో కలిసిపోతుంది. తోలిన వెంటనే చిమ్మి దున్నాలి. పచ్చి పేడ వేస్తే చెదలు, కలుపు పెరుగుతాయి.

• నీటి వసతి ఉంటే జీలుగ లేదా జనుము చల్లి, పూత దశలో కలియదున్నాలి. వర్షాధార పొలంలో తగిన తేమ ఉన్నప్పుడే దున్నాలి.

• గొర్రెల మంద కట్టించుకోవడం మంచి పద్ధతి. పత్తి, కంది కట్టెను తగలబెట్టకుండా ముక్కలు చేసి నేలలో కలపాలి.

• పరీక్షలో ఆమ్ల గుణం తేలితే సిఫారసు చేసిన మోతాదులోనే సున్నం వేయాలి. దాన్ని పశువుల ఎరువుతో, యూరియాతో కలిపి చల్లకూడదు.

ఒక్క ఏడాదిలో కర్బనం పెరగదు. ఏటా కొంత చొప్పున వేస్తూ పోవాలి. కార్డు తీసుకుని మూడేళ్లు దాటితే మీ దగ్గరలోని రైతు సేవా కేంద్రంలో మట్టి నమూనా ఇచ్చి మళ్లీ పరీక్ష చేయించుకోండి. సున్నం సంగతి ఆ ఫలితం చూశాకే.